సగం లేచిన మనిషి

మా నాన్న ఎఫ్రయిమ్ టాకెట్ పీపాలు చేసేవాడు. మా వర్జీనియా కొండల్లో ఆయన పీపాలోకి దిగని విస్కీ లేదు. నాకు డెబ్బై దాటాయి. ఓక్ చెక్క పొట్టు వాసన తగిలితే ఇప్పటికీ ఆ కొట్లోకి పరుగెత్తాలనిపిస్తుంది.

విస్కీ మీద పన్నుకు ఒప్పుకొచ్చిన మా అమెరికా కాంగ్రెసు సభ్యుడు లెమ్యూల్ హార్‌గ్రేవ్‌ను ఊరంతా దుమ్మెత్తిపోసింది. అందరికంటే ఎక్కువ తిట్టింది నాన్నే. సుత్తి దెబ్బకో తిట్టు.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఆ రోజుల్లో ఓటంటే మాకు కోర్టు ముంగిట, అభ్యర్థుల ఎదుటే, పేరు గట్టిగా చెప్పడం. ఎవరి పేరు పలికితే ఆయన లేచి వంగి కృతజ్ఞత చెప్పాలి.

"చెప్పేసి తొందరగా రావయ్యా, రొట్టె చల్లారుతుంది" అంది అమ్మ.

నేను కోర్టు ముందు బండెక్కి చూస్తున్నాను. ఒక్కొక్కరు ముందుకొచ్చినప్పుడల్లా హార్‌గ్రేవ్ కుర్చీలోంచి సగం లేచేవాడు. రెండో అభ్యర్థి పేరు వినబడగానే కూలబడేవాడు.

"ఇంకోసారి లేవండి దొరా, నడుముకు మంచిది!" అని విస్కీ కాచేవాళ్ళు పగలబడి నవ్వారు. నాన్న పీపాలు కొనేది వాళ్ళే. మధ్యాహ్నానికి హార్‌గ్రేవ్ లేవడం మానేశాడు.

నాన్న వంతు వచ్చింది.

"లెమ్యూల్ హార్‌గ్రేవ్" అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. హార్‌గ్రేవ్ నాన్నను తెల్లబోయి చూశాడే గాని, లేవలేదు. ఆయనకు పడింది ఆ ఒక్క ఓటే.

"పొద్దస్తమానం తిట్టినోడికి ఓటా? ఇక మన పీపాలెవడు కొంటాడు?" ఇంటికి రాగానే అమ్మ నెత్తి కొట్టుకుంది.

"పన్నయినా భరిస్తా జెమైమా. ఆ లేవడం, కూలబడ్డం చూళ్ళేకపోయా."

అమ్మ అన్నట్టే అయింది. నాన్న బకెట్లు చేసి మమ్మల్ని సాకాడు. రెండేళ్ళకు ఛాతీ జబ్బుతో మంచాన పడ్డాడు. బయట అడుగుల చప్పుడైతే చాలు, పాత నేస్తాలేమోనని మోచేతి మీద సగం లేచేవాడు. అడుగులు ముందుకు సాగిపోయేవి. మళ్ళీ ఒరిగేవాడు. నాకు ఏడుపొచ్చేది.

ఒకనాడు అడుగులు మా గడప దాటాయి. హార్‌గ్రేవ్. జుట్టంతా నెరిసిపోయింది.

"మీ పన్ను నాకిప్పటికీ గిట్టదు" అన్నాడు నాన్న.

"తెలుసు టాకెట్ గారూ. ఆ రోజు లేవలేకపోయాను."

టోపీ తీసి, మంచం ముందు నడుం దాకా వంగాడు.

అమ్మ ఆయనకు కుర్చీ జరిపింది.