గడప ముందు వెలుగు

ఈ రోజు మా ఇంట్లోనే ఇరుక్కుపోయాను. ఫోన్ల తీగ వేయడానికి మా కల్లూరు వీధి పొడవునా గుంత తవ్వారు. మా గడప ముందున్న బండ తీసేసి, దాటడానికి సన్నటి చెక్క వేశారు. దాని కింద నల్లటి తీగ. బడి విడిచే వేళయింది. నేను పోకపోతే ఒకటో తరగతి మనవరాలు గేటు దగ్గర ఒక్కతే ఏడుస్తుంది.

“ఏమప్పా, దాటితే షాకు కొడతాదేమో?” అని గుంత తవ్విస్తున్న మేస్త్రీని అడిగాను.

“దీంట్లో కరెంటు యాడిది అవ్వా? లోపల గాజు పోగు ఉండాది. ఉత్త వెలుగే పోతాది. మన మాటలు మోసేది ఆ వెలుగే.”

అసలు భయం అప్పుడు పట్టుకుంది. దీపాన్ని దాటకూడదని మా అమ్మ చెప్పింది. ఇన్నేళ్లలో ఒక్కసారీ దాటలేదు.

“వెలుగును ఎట్ల దాటేదప్పా? పాప బడికాడ ఉండాది.”

“అట్లయితే ఈడనే కూచో. ఆ పాపే వచ్చి దాటుతాది!” అని నవ్వాడు.

దండం పెట్టుకుని దాటాను. వచ్చేటప్పుడు మేస్త్రీ చెయ్యి పట్టుకుని, పిల్లను చంకనెత్తుకుని దాటాను. దోషముంటే నాకే తగలనీ.

సాయంత్రం గుంత పూడ్చి బండ వేసి పోయారు. వెలుగు మాత్రం కిందే ఉంది. రేపు మళ్లీ బడి. మీ గడప ముందూ ఈ తీగ వేశారా? మీరెట్లా దాటుతున్నారు?