స్విచ్ లేని రంపం

యంత్రం ఆగిన ప్రతిసారీ లోపం యంత్రంలోనే ఉంటుందని మీరు రుజువు చేయగలరా? నేను చేయగలననుకున్నాను. దయ్యాలు లేవని కళాశాల చర్చావేదికపై వాదించి గెలిచినవాణ్ణి. ఆ వాదనను ఈనాటికీ వెనక్కి తీసుకోలేదు. జరిగింది మాత్రం చెబుతాను.

ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులవి. విశాఖ పాతనగరంలో మా అప్పలస్వామి మామయ్య, ఆయన స్నేహితుడు కరీం కలిసి వడ్రంగి షెడ్డు నడిపేవారు. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఆ షెడ్డులో మామయ్య పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. రంపం మిషన్ దగ్గరున్న మనిషిని పిలవాలంటే ముందు స్విచ్ ఆపాలి, ఆ తర్వాతే పేరెత్తాలి. పిలుపు వింటే మనిషి వెనక్కి చూస్తాడు, చెయ్యి ముందుకు పోతుంది అనేవాడు.

మామయ్య జ్వరంతో పోయాక ఆ కట్టుబాటు సడలింది. స్విచ్ పాడవడమూ అప్పుడే మొదలైంది. నడుస్తున్న రంపం టక్కున ఆగిపోయేది. మార్చి మార్చి మూడు స్విచ్‌లు పెట్టి చూశాం. మొదటిదాంట్లో రంపపు పొట్టు పేరుకుని ఉంది. తర్వాతి రెండూ శుభ్రంగానే ఉన్నాయి. మోటారు వేడెక్కలేదు, వైరు తెగలేదు. కరీం మామ చేతిపని మీద మా అత్తయ్య ఇల్లు, ఆయన ఇల్లు రెండూ బతకాలి, రంపం ఆగితే ఆ పని ఆగిపోయేది.

“స్విచ్చే తీసీద్దాం మామా. లేని స్విచ్ ఎలా సెడిపోద్ది?” అన్నాను.

కరీం మామ నవ్వాడు. “డిబేట్‌లో కప్పు కొట్టీసినావని స్విచ్‌తో కూడా వాదిత్తావేటి అల్లుడూ? మీ మామ ఉంటే ఒప్పుకుంటాడేటి?”

నేనే ఒప్పించాను. ఎలక్ట్రీషియన్ వైరును నేరుగా మెయిన్‌కు కలిపాడు.

మర్నాడు ఉదయం నుంచి రంపం ఒక్కసారీ ఆగలేదు. పదకొండింటికి వెళ్లి, ఆ సంబరంలో గుమ్మంలోంచే అరిచాను. “మామా! సూసినావా, నాను సెప్పలేదేటి!”

ఆయన వెనక్కి తిరిగాడు. చెక్క జారింది. కుడిచెయ్యి రంపం పళ్ల మీదికి పోయింది.

రంపం ఆగి ఉంది.

మెయిన్ వేసే ఉంది. దాని నుంచే వచ్చే బల్బు వెలుగుతోంది. కరెంటు తీసినా కాసేపు తిరగాల్సిన రంపం అది. ఆయన వేళ్ల మీద గీత కూడా పడలేదు.

కరీం మామ చాలాసేపు ఆ చెయ్యి చూసుకున్నాడు. “స్విచ్ పెట్టించీ అల్లుడూ. బావకి కోపమొచ్చినట్టుంది” అన్నాడు మెల్లగా.

అప్పుడడిగాను, ఇంతకుముందు ఆగినప్పుడల్లా ఏం జరిగిందని. ఆయన ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు వెనకనుంచి పిలిచారు.

నాలుగో స్విచ్‌ను గుమ్మం పక్కనే పెట్టించాం, పిలవడానికి వచ్చినవాళ్ల చేతికందేలా. అది ఇంతవరకు పాడవలేదు.

నా దగ్గర వివరణ లేదు, విన్నపం ఉంది. మా మామయ్య అన్ని షెడ్లకూ రాలేడు. రంపం దగ్గరున్న మనిషిని పిలిచేముందు, దయచేసి మీరే స్విచ్ ఆపండి.