పుష్పవల్లి ఎంచిన చెట్టు

సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో తెలుగువాళ్ళ ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా ముందు పుష్పవల్లికి ఫోను వెళుతుంది. ముహూర్తం పెట్టడానికి కాదు, దానికి పంతులుగారున్నారు. వస్తువులు కొనడానికి. పట్టుచీరలు, కొబ్బరికాయలు, మామిడిపళ్ళ పెట్టెలు, ఆఖరికి వాషింగ్ మెషీనైనా సరే, పుష్పవల్లి ఆంటీ చెయ్యి వేసి చూస్తే తప్ప ఎవరికీ ధైర్యం చాలదు. వంకాయ తొడిమ కింద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి లోపల పురుగుందంటే ఉన్నట్టే. నమ్మక కోసి చూసి, నాలుక కరుచుకున్నవాళ్ళు ఆ బ్లాకులో చాలామందే ఉన్నారు.

ఆ చూపు ఆవిడకి ఊరికే రాలేదు. మలేషియాలో పేరాక్ సముద్రతీరాన, కొబ్బరితోటల ఎస్టేటులో పుట్టింది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. పెళ్ళయ్యాక మొగుడు జగన్నాథానికి ఇక్కడ ఓడల యార్డులో పని దొరికితే వెంట వచ్చేసింది. తను ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరి, తనిఖీ బల్ల దగ్గర కూర్చుని ఏళ్ళ తరబడి టంకం అతుకులు చూసింది. కనిపించీ కనిపించని పగులున్నా సరే, ఆవిడ చేతిలోంచి దాటిపోయేది కాదు. ఆ సంగతి ఇప్పటికీ ఎవరికైనా చెప్పేటప్పుడు కొంగు సర్దుకుని మరీ చెబుతుంది. చెప్పుకోవద్దా మరి? మనమైతే వీధికెక్కి చెప్పుకునేవాళ్ళం.

అలాంటి పుష్పవల్లికి ఆ ఏడాది క్రిస్మస్ ముందు పెద్ద చిక్కొచ్చి పడింది.

కొడుకు దినేష్ చీరాల పిల్లని చేసుకున్నాడు. ఉజ్వల, రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో ఉద్యోగం. వాళ్ళది క్రైస్తవ కుటుంబం, వీళ్ళింట్లో గుమ్మం పక్కన తులసి కుండీ. పిల్లలిద్దరికీ ఏ బెంగా లేదు కానీ, ఉజ్వల తల్లి సుగుణమ్మకి మాత్రం ఉంది. కట్నాల మాట, నగల మాట ఎత్తలేదావిడ. పెళ్ళి మాటల్లో అడిగింది ఒక్కటే: "మా పిల్లకి క్రిస్మస్ ఒక్కటీ వెలితి కానీకండి వదినగారూ." పుష్పవల్లి చీరాలలో పదిమందీ వింటుండగా మాటిచ్చింది: "మీ ఇంట్లో ఎలా చేసుకుందో మా ఇంట్లోనూ అలాగే చేసుకుంటాది. లోటొస్తే నన్ను నిలేసి అడగండి!" ఇప్పుడా సుగుణమ్మ మొదటి పండగ కూతురి దగ్గర గడపడానికి టికెట్ కొనేసుకుంది.

మాట ఇవ్వడం సులువే. క్రిస్మస్ చెట్టు ఎలా కొనాలో పుష్పవల్లికి తెలియదు. జీవితంలో ఆవిడ కొనని వస్తువంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

నవంబరు ఆఖరి ఆదివారం అందరూ కలిసి నర్సరీకి వెళ్ళారు. చలిదేశాల నుంచి మంచుపెట్టెల్లో ఓడ మీద వచ్చిన చెట్లు వలల్లో బిగించి గోడకి చేరేసి ఉన్నాయి. పుష్పవల్లి ఒక ఆకు తుంచి, కరివేపాకుని నలిపి చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. వాసన బాగుంది, కాదనలేదు. ఆ పైన కొమ్మని మొదలు నుంచి చివరిదాకా దువ్వింది. అరచేతి నిండా ఆకులు రాలాయి. తరవాత ధర చీటీ చూసి కళ్ళు తేలేసింది.

"రోజూ నీళ్ళు పోయాలి, ఆంటీ. ఏసీ ఆపకూడదు" అన్నాడు అమ్మే కుర్రాడు.

"ఏటీ, మాకు లేని ఏసీ చెట్టుకా?" అంది పుష్పవల్లి. వాళ్ళ ఫ్లాట్‌లో హాలుకి ఫ్యానే గతి. "కొట్టేసి తెచ్చిన చెట్టు. పండగనాటికి చీపురైపోద్ది. దానికి ఇంత డబ్బా?"

దినేష్ అక్కడే ఫోనులో వెతకడం మొదలుపెట్టి, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలిస్తూ అన్నాడు: "అమ్మా, ప్లాస్టిక్‌ది కొనేద్దాం లా. ఎవ్రీ ఇయర్ వాడుకోవచ్చు. సో ఈజీ."

"వద్దులే అత్తయ్యా. చెట్టు లేకపోతే ఏమైంది? చర్చికెళ్ళొస్తే చాలు" అంది ఉజ్వల.

ఆ 'వద్దులే' పుష్పవల్లికి చురుక్కుమంది. ఆ మాట ఎలా వస్తుందో ఆవిడకి బాగా తెలుసు. కొత్త కోడలిగా ఈ దేశం వచ్చినప్పుడు, మొదటి దీపావళికి ఏం కావాలని అత్త అడిగితే తనూ అదే అంది. నిజంగా వద్దనుకుని కాదు, అడిగితే ఏమనుకుంటారోనని.

ఇక అక్కడి నుంచి ఆవిడ ఊరుకుంటేనా! మెడలో నీళ్ళసీసా వేలాడేసుకుని, బస్సులెక్కి దిగి, ఊళ్ళో నర్సరీలన్నీ గాలించింది. ఒకచోట ధర తగ్గింది కానీ చెట్టు ఒకపక్క బోడిగా ఉంది. ఇంకోచోట చెట్టు నిండుగా ఉంది కానీ మొదలు కొట్టి ఎన్నాళ్ళయిందంటే నీళ్ళు నమిలారు. సుంగే తెంగా వైపు నర్సరీలో ఒక ముసలి చైనీయుడు అసలు ఆ చెట్లే తెప్పించనన్నాడు. అక్కడ వెనక వరసలో, ప్రహరీల పక్కన నాటే మొక్కల మధ్య తన చిన్నప్పటి చెట్టొకటి కుండీల్లో కనబడితే, చుట్టాన్ని చూసినట్టు కొమ్మ నిమిరి, చేతులూపుకుంటూ ఇంటికొచ్చేసింది. జగన్నాథం జాలిపడి, "ఏసీ పెట్టించేద్దామా పోనీ?" అన్నాడు. చెట్టు కోసం ఏసీ పెట్టించుకున్నారని బ్లాకంతా నవ్వుకోవడం ఊహించుకుని పుష్పవల్లి ఆ పూట మొగుడితో మాట్లాడలేదు.

మర్నాడు సాయంత్రం అత్తాకోడళ్ళు వంటగదిలో చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు పుష్పవల్లి అడిగింది: "మీ చీరాలలో ఈ మంచుచెట్లు ఎక్కణ్ణుంచి తెప్పిస్తారే?"

ఉజ్వల ఫక్కున నవ్వింది. "మాకెక్కడివి అత్తయ్యా ఇవి! మా నాన్న సముద్రం ఒడ్డున తోటల్లోంచి సరుగుడు కొమ్మ కొట్టించుకొచ్చేవాడు. సైకిలు వెనక కట్టుకుని, రోడ్డంతా ఊడ్చుకుంటా వచ్చేవాడు. పాత నూనెడబ్బాలో ఇసక పోసి అందులో నిలబెట్టేవాళ్ళం. మంచు కోసం దూది అంటించేదాన్ని. బుడగలు కట్టేదాన్ని." చేతిలో చిక్కుడుకాయని ఈనె తియ్యకుండానే గిన్నెలో వేసేసింది. "నాన్న పోయాక కూడా అమ్మ మానలేదు. తనే వెళ్ళి తెచ్చేది."

"మరి నర్సరీలో చెప్పలేకపోయావా?"

"ఇక్కడ దాన్ని చెట్టంటారా అత్తయ్యా? మా ఆఫీసోళ్ళు చూస్తే నవ్వుతారు. నాకే సిగ్గేసింది."

పుష్పవల్లికి తల కొట్టేసినంత పనైంది. పెళ్ళికూతురికి ఏ రంగంటే ఇష్టమో అడక్కుండా చీరకొట్టు మెట్టెక్కని మనిషి తను. ఎవరికేం కావాలో ముందు కనుక్కోవాలని ఊరందరికీ చెప్పే మనిషి. క్రిస్మస్ అనగానే షాపింగ్ మాల్‌లో మెరిసే చెట్టే కాబోలనుకుని, 'మీ ఇంట్లో ఎలా చేసుకుంటారు' అని సొంత కోడల్ని ఒక్క మాట అడగలేదు. మాటిచ్చింది మాల్‌లోలా చేయిస్తానని కాదు కదా!

"సరుగుడంటే... సూదుల్లా సన్నాకులు, గాలేస్తే హోరుమంటాది, ఆకు లాగితే ముక్కముక్కలుగా ఊడొస్తాది. అదేనా?"

"అదే! మీకెలా తెలుసు?"

"నేను పుట్టిందే దాని కింద. మా వేపు మలాయ్‌లో రూ అంటారు" అంది పుష్పవల్లి, మిగిలిన చిక్కుడుకాయలు కోడలి ఒళ్ళోకి తోసి లేస్తూ. చెట్టెక్కడుందో మాత్రం చెప్పలేదు. కొనేదాకా సరుకు సంగతి బయటపెట్టడం ఆవిడ పద్ధతి కాదు.

పొద్దున్నే సుంగే తెంగాలో ముసలి చైనీయుడి ముందు వాలింది. ఆయన మలాయ్, ఇంగ్లీషు కలిపి మొత్తుకున్నాడు: "ఆంటీ, ఇది క్రిస్మస్ చెట్టు కాదు లా, గోడ పక్కన నాటేది!" పుష్పవల్లి విననట్టే వరసలోకి వెళ్ళింది. ఒక్కో కుండీ ఎత్తి అడుగు రంధ్రంలోంచి వేళ్ళు చూసింది. మట్టిలో వేలు దూర్చింది. కొమ్మ దువ్వింది. ఒక్క ఆకు రాలలేదు. ఒకటి ఎత్తుగా ఉన్నా కొస వంకరగా ఉందని పక్కకి నెట్టింది. కొస నిటారుగా లేకపోతే నక్షత్రం ఎక్కడ నిలబడుతుంది? చివరికి తన భుజం దాటిన ఒక చెట్టు దగ్గర ఆగింది. నాలుగువైపులా ఒకేలా పరుచుకుని, కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నం. పూర్తిగా తృప్తిపడింది కనకనే మొహం చిట్లించి, దానికి ఉన్నవీ లేనివీ వంకలు చెప్పడం మొదలుపెట్టింది.

ఎంతకిచ్చాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అడిగితే "మురా, చాలా మురా" అంటుంది. మలాయ్‌లో చవక అని. ఇంటిదాకా బండిలో దింపడం కూడా అందులోనే.

ఆ సాయంత్రం ఉజ్వల ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీసి, చెప్పులతోనే హాల్లోకి వచ్చేసింది. మామూలు రోజైతే పుష్పవల్లి ఊరుకునేది కాదు. కిటికీ పక్కన, ఫ్యాను గాలికి చెట్టు సన్నగా హోరుపెడుతోంది. ఉజ్వల బ్యాగు కింద పడేసి, ఆ కొమ్మల్లో మొహం దాచుకుని అలాగే నిలబడిపోయింది. "మా ఊరిదానికన్నా కాస్త ముదురుపచ్చ" అంది, మొహం తియ్యకుండానే.

"మార్చమంటావా?"

"చంపేస్తా అత్తయ్యా!" అని, అన్నాక నాలుక కరుచుకుని, అత్తగారిని కావలించుకుంది. పుష్పవల్లి కళ్ళు తుడుచుకోలేదు. గర్వంతో వచ్చిన నీళ్ళు కదా, కనబడితే కనబడనీ అనుకుంది.

ఆ వారమే ఉజ్వల తన ఆఫీసు వాళ్ళని భోజనానికి పిలిచింది. దూది మంచు, రంగు బుడగలు, దినేష్ చేసిన అట్టముక్క నక్షత్రం. ఒకమ్మాయి ఇదేం చెట్టని అడిగితే, "మా చీరాల క్రిస్మస్ చెట్టు. మా అత్తయ్య వెతికి తెచ్చారు" అని తల ఎత్తుకుని చెప్పింది. పుష్పవల్లి వంటగదిలో పులిహోర కలుపుతూ ఆ మాట విని, వినలేదన్నట్టు ఇంకోసారి చెప్పించుకుంది.

పండగ రెండు రోజులుందనగా సుగుణమ్మ దిగింది. విమానాశ్రయం నుంచి దారిపొడుగునా ఆవిడ అన్నిటినీ మెచ్చుకుంటూనే ఉంది. ఆ మెప్పులో బెరుకు పుష్పవల్లికి తెలుస్తూనే ఉంది. ఆవిడ వచ్చిందే చెట్టు చూడ్డానికి. గుమ్మంలో తులసిని చూసి ఒక్క క్షణం ఆగి, లోపల అడుగుపెట్టి, హాలు మధ్యలో ఆగిపోయింది సుగుణమ్మ.

దగ్గరికెళ్ళి దూది సర్దింది. కుండీలో మట్టి తడిమింది.

"ఇది వేళ్ళున్న చెట్టా?"

"అవును వదినగారూ. పండగయ్యాక వరండాలో తులసి పక్కనే పెడతాను. వచ్చే ఏడూ ఇదే. కొట్టేసింది మాకొద్దు."

సుగుణమ్మ కొంగుతో మొహం ఒత్తుకుంది. "లోటొస్తే నిలేసి అడగమన్నారు. ఏం అడగను వదినగారూ?" అంది. ఆ తరవాత చిన్నపిల్లలా ఒక ఆకు తుంచింది. సరుగుడాకు కణుపులు కణుపులుగా ఉంటుంది. కణుపు దగ్గర లాగితే ఊడివస్తుంది, మళ్ళీ దూరిస్తే అతుక్కుంటుంది. సముద్రం ఒడ్డున పెరిగిన పిల్లలందరికీ ఆ ఆట తెలుసు. సుగుణమ్మ పక్కకి తిరిగి, లాగి, అతికించి, పుష్పవల్లి ముందు పెట్టింది. "ఎక్కడ విరిచానో చెప్పండి చూద్దాం."

"మేమూ ఆడేవాళ్ళం!" అంది పుష్పవల్లి. ఆకు అందుకుని వెలుగులో పట్టుకుంది. దినేష్ నవ్వాడు. "అమ్మతో పెట్టుకోకండి ఆంటీ. ఫ్యాక్టరీలో అతుకులు పట్టడమే అమ్మ జాబ్."

పుష్పవల్లి ఆకుని కొస నుంచి మొదలుదాకా వేలితో తడిమింది. మధ్యలో ఒక కణుపు దగ్గర వేలు వెంట్రుకవాసి ఆగింది. మళ్ళీ కదిలింది. వియ్యపురాలు ఆత్రంగా మొహంలోకి చూస్తోంది, పక్కనే ఉజ్వల.

"నాకు దొరకలేదు వదినగారూ" అంది పుష్పవల్లి, ఆకుని జాగ్రత్తగా ఆవిడ చేతిలో పెడుతూ. "బాగా అతుక్కుంది."