చిన్నమ్మ అడిగిన బదిలీ

మా కోడలు ఓ ప్రైవేటు బడిలో టీచరు. సాయంత్రం నాలుగున్నరకు ఆమె స్కూటీ మా గేటు ముందు ఆగుతుంది. ఆగుతుంది కానీ ఆమె దిగదు. హెల్మెట్ తీయకుండా, ఎదురింటి ప్రహరీగోడ వంక చూస్తూ పది నిమిషాలు అట్లాగే కూచుంటుంది. మొదట్లో బండి చెడిపోయిందేమో అనుకుని మెకానిక్కు ఫోన్ చేయబోయాను. రిటైరైన మనిషికి అంతకంటే ఏం తోస్తుంది. మొన్న ఉండబట్టలేక గేటు దాకా వెళ్ళి ఏమైందమ్మా అని అడిగితే, "ఏం లేదు మామయ్యా, ఇంట్లకు వస్తే మాట్లాడాలె కదా. జర సేపు ఎవ్వలతోని మాట్లాడకుండ ఉందామని" అంది. నేను వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాను. ఇంచుమించు ఇదే మాట ఎనభైల మొదట్లో మా చిన్నమ్మ నోట విన్నాను. అప్పుడు నాకది అర్థం కాలేదు. అర్థమైందనుకున్నాను, అది ఇంకా పెద్ద తప్పు.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నలభై మంది పిల్లలున్నరు, ఇంకెక్కడి పెళ్ళి" అని నవ్వేసేది. ములుగు దాటాక బస్సు దిగి రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఊళ్ళో ఆమె పంతులమ్మ. ఒక్క గది, ఒక్క టీచరు, అయిదు తరగతులు. నాలుగు గోడలకు నాలుగు తరగతుల్ని కూచోబెట్టేది. అయిదో తరగతికి గోడ మిగల్లేదు కాబట్టి వాళ్ళకు గడప ఇచ్చింది. ఒక గోడకు పాఠం చెబుతుంటే రెండో గోడ ఎక్కాలు పాడాలి, మూడో గోడ పలకల మీద రాయాలి, గడప దగ్గరి పెద్దపిల్లలు చిన్నవాళ్ళ చేత అక్షరాలు దిద్దించాలి. ఎక్కాలకు బాణీలు తానే కట్టింది. ఆదివారాలు చర్చిలో పాడే గొంతు కదా, ఆమె పిల్లలు మూడో ఎక్కం ఎత్తుకుంటే క్రిస్మస్ ముందుగానే వచ్చిందేమో అనిపించేదట ఊళ్ళోవాళ్ళకు. వారమంతా అక్కడే అద్దె గదిలో ఉండి శనివారం సాయంత్రం బస్సుకు హన్మకొండలో మా ఇంటికి వచ్చేది, సోమవారం తొలి బస్సుకు వెళ్ళిపోయేది. ఆ ఒకటిన్నర రోజూ మా ఇల్లు కూడా బడే. అమ్మకు కూర ఎట్లా వండాలో చెబుతూనే నా చొక్కా గుండీ కుట్టేది, మధ్యలో మా నాన్నను పేపరు గట్టిగా చదవమనేది. ఆయన పాపం నిజంగానే గట్టిగా చదివేవాడు.

అట్లా ఎనిమిదేళ్ళు గడిచాయి. బడి పని ఒక్కటే అయితే ఆమె ఇంకా చాలా ఏళ్ళు లాగేదేమో. జనాభా లెక్కలు ఆమెకే, ఓటర్ల జాబితా ఆమెకే, పిల్లల మధ్యాహ్నం ఉప్మా వండే మనిషి రాకపోతే గరిటె కూడా ఆమెకే. ఊళ్ళో ఉత్తరం వస్తే చదవాలి, దవాఖానకు చీటీ కావాలంటే రాయాలి. జ్వరమొచ్చి సెలవు పెడితే బడికి తాళమే. క్రమంగా శనివారాలు మారిపోయాయి. బస్సు దిగి వచ్చి, ఇంట్లోకి రాకుండా వెనక వాకిట్లో బట్టలుతికే బండ మీద భుజాన సంచీతోనే కూచునేది. అమ్మ ఇచ్చిన చాయ్ చేతిలోనే చల్లారిపోయేది. చర్చిలో పాట మొదలైతే పెదాలు కదిలేవి, గొంతు వినిపించేది కాదు. లోపలికి రా చిన్నమ్మా అని ఓసారి పిలిస్తే, "లోపలికొస్తె మాట్లాడాలె కదరా, జర సేపు ఈడనే ఉంట" అంది. తరవాత తానే చెప్పింది. "నిన్న ఒక పిల్ల పలక చూపెట్టింది. ముత్యాలోలె రాసింది. ఒకప్పుడైతె ఎత్తుకుని ముద్దు పెట్టేదాన్ని. నిన్న ఏం అనిపించలే కొడుకా. అదే భయమైతాంది నాకు."

అప్పటికి నేను హన్మకొండలోనే ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి రెండేళ్ళయింది. టీచర్ల బదిలీ కాగితాలు మా సెక్షన్‌కే వచ్చేవి. ఆ జూన్‌లో బడులు తెరిచే ముందు చిన్నమ్మ ఒక అర్జీ రాసి నా చేతికిచ్చింది. "పట్నమే కావాలని లేదురా. ఇంకొక్క టీచరున్న బడి ఏదైనా సరే, మరిపెడ అవతలైనా పోత. మాట్లాడుకోను పక్కన ఒక మనిషుంటె చాలు." నేను ఏం ఫికర్ చేయకు చిన్నమ్మా అన్నాను. సోమవారం ఆఫీసుకు తీసుకెళ్ళాను కూడా. సరిగ్గా ఆ వారమే, సెప్టెంబర్‌లో సన్మానించే ఉత్తమ ఉపాధ్యాయుల జాబితా తయారు చేయమని పెద్దసారు నాకు అప్పగించారు. చిన్నమ్మ బడిని తనిఖీ చేసిన వాళ్ళంతా మెచ్చుకుంటూ రాసినవి నా ముందే ఉన్నాయి. పేరు పెట్టాలంటే ఆమె పేరే పెట్టాలి. కానీ అదే మనిషి అక్కడ ఉండలేనని రాసిన అర్జీ అదే బల్ల మీద కనబడితే పేరు కొట్టేస్తారు. నేను గుమాస్తా బుద్ధితో ఆలోచించాను. ముందు శాలువా కప్పించుకుంటే మనసు కుదుటపడుతుంది, ఆ తరవాత అవార్డు టీచరు అడిగిన బదిలీ ఎవరు కాదంటారు? అర్జీని సొరుగులో అడుగున పెట్టేశాను.

ఆమెను గురించి రెండు పేజీలు రాశాను. ఇంగ్లీషులో రాయాలి కాబట్టి డిక్షనరీ పక్కన పెట్టుకుని, నాలుగు గోడలూ గడపా ఎక్కాల బాణీలూ ఏదీ వదలకుండా రాశాను. ఆ ఊరికి ఆమె లేకపోతే బడే లేదని ముగించి, ఆ వాక్యాన్ని నాలో నేనే పదిసార్లు చదువుకున్నాను. శనివారం శనివారం ఆమె బండ మీద కూచుని నా వైపు చూసేది. కాగితం పైకి పోయింది, రేపో మాపో వస్తుంది అని చెప్పేవాణ్ణి. ఆమె సరే అని తలూపేది. ఒక్కసారీ నన్ను అనుమానించలేదు.

సన్మానం రోజు హాలు నిండింది. శాలువా కప్పి, నాలుగు మాటలు చెప్పమని మైకు ఆమె ముందుకు జరిపారు. చిన్నమ్మ లేచి నిలబడింది. చాలాసేపు జనం వైపు చూసింది. చివరికి, "నాకు మాటలు వస్తలేవు" అని కూచుంది. సంతోషంతో గొంతు పూడుకుపోయిందని హాలంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఇప్పటికీ నా చేతుల్ని చూసుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడే అర్జీ తీసి పెద్దసారు ముందు పెట్టాను. ఆయన చెడ్డమనిషి కాదు. అర్జీ చదివి, అవార్డు ఫైలు తెప్పించి, నా రెండు పేజీలూ తిరగేశారు. "ఆమె లేకపోతే ఆ ఊర్ల బడే లేదని నువ్వే రాసినవు కదయ్యా. అది చూసే నేను సంతకం పెట్టిన. ఇప్పుడు ఆమెను తీసేస్తే ఊరోళ్ళకు ఏం చెప్పమంటవు? ఇంకో మూడేండ్లు ఉండనియ్యి" అన్నారు. అక్షరం అక్షరం నాదే.

నవంబర్‌లో ఒక బుధవారం నేను ఇంటికి వచ్చేసరికి చిన్నమ్మ వెనక వాకిట్లో ఉంది. సంచీ లేదు, చెప్పుల నిండా దుమ్ము. బుధవారం రావడమేమిటని అమ్మ కంగారుగా అటూ ఇటూ తిరుగుతోంది. పొద్దున రెండో గోడ పిల్లలు ఎక్కం పాడుతుండగానే గడప దాటి వచ్చేసిందట. ఎందుకో తనకే తెలియదంది. రోడ్డు దాకా నడిచి, ముందు వచ్చిన బస్సెక్కింది. "నేను చానా దూరం వచ్చినంక గూడ పాడుతనే ఉన్నరు. నేను లేనని చూసుకుని ఎప్పుడు ఆపిన్రో ఏమో" అని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆ వారంలోనే రాజీనామా పంపింది. తరవాత బతికిన ఇరవై ఏళ్ళూ మిషన్ మీద బట్టలు కుట్టుకుంటూ మాతోనే ఉంది. వాడకట్టు పిల్లలు ట్యూషన్ కోసం వస్తే బిస్కెట్లు ఇచ్చి పంపేసేది.

రాజీనామా పంపిన రోజే నేను అంతా చెప్పేశాను. సొరుగూ, రెండు పేజీలూ, శనివారాల అబద్ధాలూ. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. నా తల మీద చెయ్యి పెట్టి, "నా పేరు కోసమే చేసినవు తియ్యి" అంది. ఇంకొంచెం సేపటికి, నాతో కాదన్నట్టు, "జూన్‌ల ఇచ్చి ఉంటె పోయేదాన్ని. జూన్‌ల ఇంకా జర మిగిలి ఉండె" అంది.

ఆఫీసులో మూడు నెలలంటే ఒక కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి జరిగే కాలం, అంతకు మించి దాన్ని ఎవరూ లెక్కచేయరు. ఒక మనిషిలో మిగిలిన ఆ కాస్తా అయిపోవడానికి కూడా అంతే కాలం చాలునని నాకు తెలిసింది మాత్రం ఆమె ఆ గడప దాటి వచ్చేశాకే.