మా మేనత్త, రాక్షసి బొగ్గు

బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి పోతుండగా ఫోన్ మోగింది. మోతె నుంచి మా బావ, మేనత్త కొడుకు. "అమ్మ పోయింది" అన్నాడు. వెనక నుంచి లారీ హారన్ ఒకటి చాలాసేపు వినిపించింది. "పొద్దుగాల లేపి కూసోబెట్టమన్నది. కూసోబెట్టినం. మల్ల ఊపిరి తీసుకోలే" అని పెట్టేశాడు.

మిర్యాలగూడలో బస్సెక్కి, సూర్యాపేటలో దిగి, ఖమ్మం బస్సు పట్టుకున్నాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా వచ్చే లారీలు టార్పాలిన్లు కప్పుకొని, ఒకదాని వెనక ఒకటి, కొత్తగూడెం దిక్కు నుంచి బొగ్గు మోసుకొస్తున్నాయి. నా ఒళ్లో చీర కొంగు మీద సన్నటి నల్లని పొడి పడుతోంది. దులపబుద్ధి కాలేదు.

మా నాయన అక్క ఆమె. మోతె కాడ రోడ్డు పక్కన చాయ్ హోటల్ నడిపింది. పేపర్లో ఫోటో పడేంత మనిషి కాదు. నేను సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్ని. ఆవిరి యంత్రం, బట్టల మిల్లులు, రైళ్లు, ఓడలు, వీటన్నిటి వెనక బొగ్గు ఉందని ఏటా పిల్లలకు చెబుతాను. చెబుతున్నంతసేపూ నా కళ్ల ముందు మాత్రం ఏ రైలూ ఉండదు. మా మేనత్త పొయ్యి ఉంటుంది.

ఆమె పుట్టింది తిరుమలగిరి దగ్గర. మెట్ట నేల. వాన మొహం చాటేసిన ఏడు మా తాత తుమ్మ చెట్లు కొట్టి బొగ్గుల బట్టి పెట్టేవాడట. కట్టెలు పేర్చి, ఆకులు కప్పి, పైన మట్టి మెత్తి, లోపల నిప్పు పెట్టేవాళ్లు. మంట లేవకూడదు. మంట లేస్తే కట్టె బూడిదైపోతుంది. అందుకని మట్టిలో పగులు కనిపిస్తే మళ్లీ మట్టి కొట్టాలి. ఆ కాపలా పిల్లప్పుడు మా మేనత్తది. ఆ బొగ్గు సూర్యాపేటలో కమ్మరి కొలుముల్లోకి, ఇస్త్రీ పెట్టెల్లోకి, హోటళ్ల పొయ్యిల్లోకి పోయేది.

ఒకనాడు లేగదూడ ఒకటి మట్టి కుప్పే కదా అని బట్టి ఎక్కింది. దాని కాళ్లు లోపలికి దిగబడ్డాయి. ఈ కథ ఆమె చాలాసార్లు చెప్పింది. ప్రతిసారీ అక్కడే ఆపేది. తర్వాత ఏమైందని మేము అడిగితే, "కనవడ్డ నిప్పుతోని భయం లేదు బిడ్డా. కనవడని నిప్పే మనిషిని పట్టుకుంటది" అనేది.

పెళ్లయి ఇల్లెందు దిక్కు పోయింది. మా మామ బొగ్గు బాయిలో పని చేసేవాడు. అక్కడ గనిని బాయి అనే అంటారు, నీళ్ల బావిని అన్నట్టే. అక్కడికి పోయాకే కట్టె బొగ్గు వేరు, రాక్షసి బొగ్గు వేరు అని ఆమెకు తెలిసింది. భూమిలోంచి తీసే బొగ్గుకు రాక్షసి అని ఎవరు పేరు పెట్టారో గానీ, ఆ మాట ఆమె ఎప్పుడూ గొంతు తగ్గించే అనేది.

"బాయి మీద సైరన్ ఉంటది. దాని కూతకు ఏళ ఉంటది. కూతను బట్టే అన్నం వండుకుంటం, పోరగాండ్లను బడికి తోలుతం. ఏళ కాని ఏళ కూసిందనుకో, పొయ్యి మీద ఉన్నది ఉన్నట్టే ఇడిసి ఆడోళ్లమందరం ఉరుకుడే. గేటు కాడ నిలవడితే ఎవ్వల మొకం ఎవ్వలం సూడం. ఎందుకో తెల్సా? లోపల పోయినోడు నా మొగడు కావద్దంటే ఇంకొకదాని మొగడు కావాలె గదా. గా కోరిక కండ్లల్ల కనవడ్తదని."

ఒకరోజు ఆ సైరన్ మా మామ కోసం కూసింది. లోపల పైకప్పు కూలింది. బావ అప్పటికి ఇంకా అడుగులు నేర్చుకుంటున్నాడు.

పెద్దవాడయ్యాక కొడుకుకు బాయిలో కొలువు దొరుకుతుందని అందరూ చెప్పారు, అక్కడే ఉండమన్నారు. ఆమె ఉండలేదు. కొడుకును చంకనేసుకొని మోతె వచ్చి, రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి చాయ్ హోటల్ పెట్టింది. డబ్బాకు లోపల మట్టి మెత్తి పొయ్యి చేసింది. అందులోకి లారీ వాళ్ల దగ్గర కొన్న రాక్షసి బొగ్గు. మా నాయనకు అది అర్థం కాలేదు. "అక్కా, మల్ల గదే బొగ్గా?" అని అడిగాడట. "నా మొగణ్ని తిన్నది. నా కొడుకుకు అన్నం పెట్టొద్దా మరి?" అన్నది.

పెట్టింది కూడా. సెలవుల్లో నేను అక్కడే ఉండేదాన్ని. చీకటి విడవకముందే పొయ్యి రాజేసేది. ముందు పసుపుపచ్చటి పొగ లేచేది, గొంతులో గీరుకునే వాసన. తర్వాత ఆ పొగ తగ్గి బొగ్గు ఎర్రబడేది. మొదటి చాయ్ ఎవరికీ అమ్మేది కాదు, రోడ్డు మీద పారబోసేది. ఎవరికోసమని నేనెప్పుడూ అడగలేదు.

కోదాడ దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే లారీలు, ఇటుక బట్టీలకు పోయే ట్రాక్టర్లు, అన్నీ అక్కడ ఆగేవి. కోదాడ డ్రైవరొకాయన "పెద్దమ్మా, చాయ్ అదిరిపోయిందండీ" అనేవాడు. ఆమె నవ్వేది కాదు. "బండి నిండుగున్నది. జర నిమ్మళంగ పో నాయనా" అనేది. మా చుట్టుపక్కల ఇళ్లన్నీ ఇటుక గోడలై, సిమెంటు కప్పులై లేచింది ఆ రోజుల్లోనే. మా ఇల్లూ అంతే. ఏ ఇంటి గృహప్రవేశానికి పిలిచినా వచ్చి, గడప దగ్గర నిలబడి గోడను అరచేత్తో ముట్టుకొని చూసేది, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు.

నేనింకా చదువుకుంటున్నప్పుడు వచ్చిన తుఫాను సంగతి ఇప్పుడు చెప్పాలి.

ఇటుక బట్టీ నీట మునిగితే, అక్కడ పనిచేసే ఒడిశా కుటుంబం ఒకటి వచ్చి హోటల్ వెనక గదిలో తలదాచుకుంది. భార్యాభర్తలు, ఒక ఆడపిల్ల, ముసలి నాయనమ్మ. బడికి సెలవిచ్చారు, నేనూ అక్కడే ఉన్నాను. అందరి బట్టలూ తడిసిపోయాయి. ముసలామె పళ్లు కొట్టుకుంటున్నాయి. ఆడపిల్ల ఇనుప మూకుడు తెచ్చి కొంచెం నిప్పు కావాలని సైగ చేసింది. మా మేనత్త పొయ్యిలోంచి ఎర్రటి బొగ్గులు తీసి మూకుట్లో పోసింది. "తలుపు తెరిసి పెట్టుండ్రి. తెల్సిందా? తలుపు" అని చేత్తో రెండుసార్లు చూపించింది. వాళ్లు తలూపారు.

మధ్యాహ్నానికి గాలి మళ్లింది. జల్లు గదిలోకి కొడుతుంటే తలుపు వేసుకున్నారు. కింద సందులో బట్టలు కుక్కారు. మాకు తెలియదు. రేకుల మీద వాన చప్పుడులో ఏమీ వినిపించడం లేదు, ఆడపిల్ల దగ్గు తప్ప.

ఇద్దరు డ్రైవర్లకు చాయ్ పోస్తున్న మా మేనత్త చేయి గాలిలో ఆగింది.

"పోరి దగ్గుడు ఇనవడ్తలేదు" అన్నది.

"నిద్రపోయిందేమో అత్తా" అన్నాను.

గిన్నె కింద పడేసి పరుగెత్తింది. తలుపు లోపల గడియ. "ఓ అవ్వా! తలుపు తియ్యుండ్రి!" అని రెండు చేతులా బాదింది. డ్రైవరొకాయన లారీలోంచి జాకీ రాడ్ తెచ్చి గడియ ఊడగొట్టాడు.

లోపల పొగ లేదు. నన్ను ఇప్పటికీ వణికించేది అదే. మూకుట్లో బొగ్గులు మెల్లగా, అందంగా మెరుస్తున్నాయి. నలుగురూ వెచ్చగా, ఒకరినొకరు ఆనుకొని పడుకున్నారు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్నట్టే ఉన్నారు. ఎవరూ కదలడం లేదు.

"వానల పండబెట్టుండ్రి! గాలి తగలాలె!" అని అరుస్తూ ఆమె ఆడపిల్లను భుజాన వేసుకుంది. మేము మిగతావాళ్లను ఈడ్చుకొచ్చాం. బురదలో, జడివానలో ఆమె ఆ పిల్ల చెంపలు కొట్టింది, రొమ్ము రుద్దింది. పిల్ల కక్కుకుంది. తర్వాత ఏడ్చింది. ఒక ఏడుపు విని అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు. తల్లి కదిలింది. తండ్రి లేచి కూచున్నాడు, మళ్లీ పడ్డాడు. మూకుడు పక్కనే పడుకున్న నాయనమ్మ మాత్రం లేవలేదు. ఆమె ముఖం మీద వాన పడుతూనే ఉంది.

మిగతా ముగ్గురినీ అదే లారీలో సూర్యాపేట దవాఖానకు తోలుకపోయారు. బతికారు. నీళ్లు తగ్గాక వాళ్ల దేశం వెళ్లిపోతూ ఆ తండ్రి వచ్చి మా మేనత్త కాళ్లు మొక్కబోయాడు. ఆమె వెనక్కి జరిగింది. "వద్దు. నిప్పు ఇచ్చింది నేనే" అన్నది. అతనికి తెలుగు రాదు. మొక్కే పోయాడు.

కొన్నాళ్లు పొయ్యి రాజేయలేదు. లారీలు ఆగి, హారన్ కొట్టి, వెళ్లిపోయేవి. ఒక తెల్లవారుజామున మళ్లీ పచ్చటి పొగ లేచింది. అప్పటి నుంచి సాంబ్రాణికని వచ్చినా, బీడీకని వచ్చినా ఎవరికీ నిప్పు ఇవ్వలేదు. ఎవరింటికి పోయినా ముందు కిటికీలు తెరిచేది. మిర్యాలగూడలో మా ఇంటికొచ్చి అన్ని కిటికీలూ తెరిస్తే దోమలు నిండాయి. మా ఆయన విసుక్కుంటే, "దోమ కుడితే దురద పెడ్తది అల్లుడా. తెలివొస్తది. మంచిదే" అన్నది.

ఆమెకు దగ్గు తర్వాత మొదలైంది. బావ గ్యాస్ పెట్టించాడు, పొయ్యి తీసేశాడు. ఆలస్యమైపోయింది. సూర్యాపేట డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, "చుట్ట తాగుతదా?" అని నన్నడిగాడు. లేదన్నాను. "బాయిల పనిచేసిందా?"

దానికి ఆమే జవాబిచ్చింది. "నేను బాయిల దిగలే సారూ. బాయే మా ఇంటికొచ్చింది."

పోయిన ఎండాకాలం బావ కరెంటు పొయ్యి కొన్నాడు. పొగ లేదు, మంట లేదు, మసి లేదని ఆమెకు చూపించి మురిసిపోయాడు. ఆమె దాని నున్నటి అద్దం మీద చేయి పెట్టి నన్నడిగింది.

"గీ కరెంటు ఏడికెళ్లి వస్తదే?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఎక్కువ భాగం బొగ్గు కాల్చే తీస్తరు అత్తా" అన్నాను.

ఆమె చేయి మెల్లగా వెనక్కి తీసుకుంది. పైన తిరుగుతున్న ఫ్యాన్ వంక, వెలుగుతున్న బల్బు వంక, చార్జింగ్ పెట్టిన నా ఫోన్ వంక చూసింది. ఒక్కొక్కటే చూసింది.

చివరి రోజుల్లో మంచం మీద పడుకొని రోడ్డు వింటూ ఉండేది. చప్పుడును బట్టి "నిండు బండి" అనేది, "ఉత్త బండి" అనేది. నేను చివరిసారి పోయినప్పుడు నిండు బండి అన్న మాటే విన్నాను. ఒకటి పోతే ఇంకొకటి. మాట మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ.

దినాలయ్యాక బావ హోటల్‌కు సున్నం వేయిద్దామన్నాడు. నేనూ పోయాను. పాత పొయ్యి తీసేశాక అక్కడ పెట్టిన అలమార జరిపితే వెనక గోడ బయటపడింది. ఏళ్ల మసి. వేలు పెడితే వేలు నల్లనైంది. గోడంతా అట్లాగే ఉంది, ఒక్కచోట తప్ప. ఆమె రోజంతా వీపు ఆనించి కూచునే చోట మసి పట్టలేదు. అక్కడ పాత సున్నం తెల్లగా అట్లాగే ఉంది. వంగిన వీపు, భుజాలు, పైన తల ఆనిన చోట కొబ్బరినూనె జిడ్డు. నల్లటి గోడలో ఒక ఆడమనిషి తెల్లగా కూచొని ఉంది.

బావ బ్రష్‌ను సున్నం బకెట్లో ముంచి పైకెత్తాడు. బ్రష్ నుంచి చుక్కలు అతని పాదాల మీద పడుతున్నాయి. బయట రోడ్డు మీద బండి ఒకటి పోయింది. రేకులు అదిరాయి. గోడ మీది మసి కొంచెం రాలి, ఆ తెల్లటి భుజం మీద వాలింది.