గోధుమ బీరు, బావగారి పద్ధతి

కెనడాలో, విన్నిపెగ్‌లోని మా ఇంట్లో బీరు కాచేది నేనే. రెండేళ్లుగా గోధుమ బీరుకు ఒకటే పద్ధతి పాటిస్తున్నాను. మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమల, బార్లీ రవ్వను వేడినీళ్లలో కలిపి, మూతపెట్టి గంటసేపు వదిలేస్తాను. గింజలోని పిండి తీపిగా మారడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఈ చలికాలం మావారి అన్నయ్య రెండు నెలలు ఉండడానికి వచ్చారు. కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గా రిటైరైన ఆయన జన్మలో బీరు కాచలేదు. వీడియోలు మాత్రం చూశారు.

"కొంత రవ్వ తీసి, విడిగా మరిగించి, మళ్లీ ఇందులో కలపాలమ్మా. అదే అసలు మెథడ్," అన్నారు.

"ఇలాగే బాగా వస్తోంది బావగారూ," అన్నాను.

"ట్రై చేస్తే పోయేదేముందమ్మా?"

పొద్దుటి నుంచి ఈ మాట అనడం అది నాలుగోసారి. మావారు ఫోన్‌లోంచి తలెత్తలేదు. విసుగెత్తి గరిటె బావగారి చేతిలో పెట్టాను. ఆయన గిన్నెడు రవ్వ తీసి స్టవ్ మీద పెట్టి, నాకు ఎంజైముల పాఠం మొదలుపెట్టి, కలియబెట్టడం మరిచిపోయారు. అడుగంటి పొగ లేచింది, స్మోక్ అలారం మోగింది. మైనస్ ముప్పైలో తలుపులు బార్లా తీసి, వంటింట్లో కోటు వేసుకుని నిలబడ్డాను. మాడిందంతా పారబోసి, మిగిలినదాన్ని నా పద్ధతిలోనే పూర్తిచేశాను.

నెల తర్వాత సీసాలు తెరిచాం. బీరు చక్కగా కుదిరింది. బావగారు రెండో గ్లాసు నింపుకుంటూ మావారితో, "చూశావా, మరిగించాం కాబట్టే ఈ టేస్ట్!" అన్నారు.

మరిగించినదంతా చెత్తబుట్ట పాలైందని చెప్పబోయి ఊరుకున్నాను. చెబితే ఇంకో పాఠం వినాలి.