అత్త ఆపి చూసుకున్న పది సాయంత్రాలు

మా మేనత్త పోయింది. పొద్దున పడవలకు ఐస్ ఎక్కించి, ఫ్యాక్టరీ గుమ్మం దగ్గరున్న చెక్క బల్ల మీద కూర్చుని, వేణ్ణీళ్లు తెమ్మని చెప్పి, అవి వచ్చేలోపే పోయింది. ఫోన్ చేసిన ఫ్యాక్టరీ ఆపరేటర్ అన్న "అక్క పోయింది మే" అని అంతవరకే చెప్పి ఏడ్చేశాడు. ఆ తర్వాత వచ్చిన ఫోన్లన్నీ ఒకటే పాట. "పుణ్యాత్మురాలు, ఏ బాధా పడకుండా పోయింది." బాధ పడలేదని వీళ్లకెవరు చెప్పారు? ఇన్ని నెలలుగా ఆవిడ దేనికి బాధపడిందో నాకు తెలుసు. ఆ బాధ పెట్టిన కాగితం రాసినదాన్ని నేనే. అందుకే ఈ నాలుగు మాటలూ మెత్తగా రాయడం నా వల్ల కావడం లేదు. చదివేవాళ్లు క్షమించకపోయినా ఫరవాలేదు.

బిట్రగుంట దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. అక్కడ పడవల సంఘానికి సొంతంగా ఒక ఐస్ ఫ్యాక్టరీ ఉంది. మా మామ అప్పట్లో అందులో ఆపరేటరు. ఆయన పోయాక సంఘం వాళ్లు అత్తను జాలిపడి ఊడ్చే పనికి పెట్టుకున్నారు. ఊడుస్తూ ఊడుస్తూ ఆవిడ మిషన్ నేర్చుకుంది. కంప్రెసర్ చప్పుడు కొంచెం మారితే చాలు, చీపురు పక్కన పెట్టి "దానికి ఆయిల్ చూడండి" అనేది. చూస్తే నిజమే అయ్యేది. చివరికి ఆవిడనే మేనేజరును చేశారు. కొత్త కుర్చీ కూడా కొనిచ్చారు గానీ, అత్త దాని మీద తుండుగుడ్డ ఆరేసుకుని బల్ల మీదే కూర్చునేది.

ఐస్ బారు బయటి నుంచి లోపలికి గడ్డకడుతుంది. నడిమధ్య నీళ్లు అన్నిటికన్నా చివర. తొందరపడి దించితే నడుమ తెల్లగా, గుల్లగా ఉండి, పడవ నడిసముద్రం చేరేలోపే కరిగిపోతుంది. అత్త ప్రతి బారునూ చిన్న ఇనుప కడ్డీతో తట్టి చెవి పెట్టేది. "లోపల ఇంకా నీళ్లుండాయి, దించబాకండి" అంటే ఎంత పెద్ద పడవ ఓనరైనా ఆగాల్సిందే. ఇంత ఐస్ చేసిన మనిషి జన్మలో చల్లనీళ్లు తాగలేదు. ఎండాకాలంలో కూడా గ్లాసులో పొగలు పోవాలి. మేము ఎగతాళి చేస్తే "అది చేపలకి మే, మనుషులకి గాదు" అనేది.

పెళ్లైన కొత్తల్లో ఒడ్డున చేపల వేలంపాటకు పోయేది. ఒకసారి తట్ట పాడాక కింద చూస్తే సగం చేప మెత్తబడి ఉందట. వదిలేసి పొమ్మన్నారు పక్కవాళ్లు. "పాట నా నోట్లోంచి వచ్చింది గదా" అని ఎత్తుకుని ఇంటికొచ్చి, ఉప్పేసి ఎండబెట్టుకుంది. ఈ కథ ఆవిడ గొప్పగా చెప్పుకోలేదు. ఎండుచేప ఎలా చేయాలో నాకు నేర్పుతూ మధ్యలో చెప్పింది.

ఇక నా ఉద్యోగం సంగతి. మా ఆఫీసు కరెంటు వాళ్లకు పథకాలు రాసిపెడుతుంది. సాయంత్రం ఆరు దాటితే ఊళ్లన్నీ ఒక్కసారే దీపాలు, ఫ్యాన్లు, ఏసీలు వేస్తాయి. ఆ రెండు గంటల కోసం ఎక్కడి నుంచో కరెంటు తెచ్చే బదులు, వాడేవాళ్లనే కాస్త ఆపమని అడిగి, ఆపినందుకు ప్రతిఫలం ఇవ్వడం కొత్త పద్ధతి. ఎంత ఆపగలరో, ఎంతకు ఆపుతారో ముందురోజు ఫోన్‌లో రాయాలి. తక్కువ అడిగినవాళ్లను ముందు తీసుకుంటారు. ఒప్పుకుని ఆపకపోతే మాట తప్పినట్టు జాబితాలో వేస్తారు. డిమాండ్ రెస్పాన్స్ వేలం అంటారు దీన్ని. ఐస్ ఫ్యాక్టరీకి ఇది చేతిలో పని. మధ్యాహ్నమే బార్లు గడ్డకట్టే ఉప్పునీటి తొట్టిని బాగా చల్లబరిచిపెట్టుకుంటే సాయంత్రం రెండు గంటలు మిషన్ ఆపినా బార్లకు ఏమీ కాదు. అందుకే అత్తను మీటింగుకు రమ్మని పిలిచింది నేనే.

కావలిలో ఒక కల్యాణ మండపంలో మీటింగు. మిల్లుల వాళ్లు, కోల్డ్ స్టోరేజీల వాళ్లు, రొయ్యల గుంటల వాళ్లు. ఆడమనిషి అత్త ఒక్కతే. మా సారు తెర మీద ఇంగ్లీషు బొమ్మలు చూపిస్తూ గంటసేపు చెప్పాడు. అంతా అయ్యాక అత్త లేచి నిలబడింది.

"ఇది మా ఒడ్డు మీది పాటే గదా సార్, తిరగేసినారు. మేము జాస్తి పాడినోళ్లకిస్తాం, మీరు తక్కువ పాడినోళ్లకిస్తారు."

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

"మా ఒడ్డున తట్ట ఎదురుగా ఉంటది. కళ్లతో చూసి పాడతాం. ఈడ తట్ట యాడుండాది? వాడని కరెంటుని ఎట్టా తూస్తారు?"

"వెరీ గుడ్ క్వశ్చన్ అమ్మా" అన్నాడు మా సారు. అని తర్వాతి బొమ్మకు పోయాడు. ఆ పథకం మొత్తంలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు నా ముందున్న పుస్తకం చివరి పేజీలో, చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. వేలానికి ముందు పది పనిరోజుల్లో, అదే గంటల్లో మీరు వాడిన కరెంటు సగటు తీస్తారు. దాన్ని బేస్‌లైన్ అంటారు. దానికన్నా ఎంత తగ్గిస్తే అంత ఆపినట్టు. ఆ పేరా రాసింది నేను. లేచి తెలుగులో చెప్తే అర నిమిషం పట్టేది. భోజనాలకు టైమైందని సారు వాచీ చూసుకుంటున్నాడు. నేను నోరు మెదపలేదు.

సంఘం ప్రెసిడెంటుకు ఇష్టం లేదు. పడవలకు ఐస్ తక్కువైతే ఎవరు జవాబు చెప్తారన్నాడు. "నేను చెప్తా. ఒక్క బారు తక్కువ గాకుండా ఆపి చూపిస్తా" అని అత్త సంఘం మీటింగులో ఒప్పుకుంది. హైవే మీది పెద్ద పెద్ద ఫ్యాక్టరీల పక్కన తమ పేరు కూడా ఉండాలని ఆవిడ ఆశ. అందులో తప్పేముంది?

వేలానికి రెండు వారాల ముందు నాకు ఫోన్ చేసింది.

"మే, ఒప్పుకున్నాక నీళ్లు నమిలితే బాగుండదు. అందుకని రోజూ ఆరింటికి మిషన్ ఆపి, ఎనిమిదింటికి ఏస్తుండా. బార్లు ఎట్టా ఉంటాయో ముందే చూసుకోవాల గదా."

"మంచి పని చేస్తున్నావత్తా. అలానే చెయ్యి" అన్నాను.

ఈ వాక్యం నా చేత్తో రాయడానికి ఇంతసేపు పట్టింది. రూలు నాకు తెలుసు. ఆ పేరా నాదే. రోజూ ఆ రెండు గంటలూ మిషన్ ఆపితే ఆవిడ సగటు సున్నాకు పడిపోతుందని, వేలం రోజున ఆపినా ఏమీ ఆపనట్టే కనిపిస్తుందని నా బుర్రకు తట్టలేదు. రూలు రాసేటప్పుడు తెలివి. మనిషి అడిగినప్పుడు మొద్దు.

పది సాయంత్రాలు ఆపింది అత్త. మీటరు పక్కన గోడ మీద రోజుకో సుద్దగీత. ప్రతి గీత కింద ఆపిన టైము, వేసిన టైము, ఆ కింద వంకర అక్షరాలతో "బార్లు సరిపోయినాయి". మొదటి మూడు గీతల కింద మాత్రం ఆ మాట లేదు. నడుమ నీళ్లుండిపోయాయి. మధ్యాహ్నం ఇంకో గంట ముందు మొదలుపెట్టి దారికి తెచ్చుకుంది. వేలంలో వాళ్ల పాట నిలిచింది. ఇంగ్లీషులో వచ్చిన మెసేజీని ఆపరేటర్ అన్న కూడబలుక్కుని చదివాడు. వేలం రోజున సరిగ్గా ఆరింటికి మిషన్ ఆగింది. తెల్లారి ఏ పడవా ఐస్ లేకుండా పోలేదు. "మాట నిలబడింది మే" అని అత్త ఫోన్‌లో అంది. గొంతులో అంత సంతోషం మామ ఉన్న రోజుల్లో విన్నాను, మళ్లీ అప్పుడే.

కొన్నాళ్లకు జాబితా వచ్చింది. అత్త ఫ్యాక్టరీ పేరు ఎదురుగా ఒకే మాట. విఫలం.

అదే జాబితాలో పైన హైవే పక్కనున్న ఒక పెద్ద ఫ్యాక్టరీ. వాళ్ల మీటరు గీత నేను ఆఫీసులో చూశాను. ఎప్పుడూ లేనిది, సరిగ్గా ఆ పది రోజులూ సాయంత్రం ఆరు కాగానే వాడకం ఆకాశానికి లేచింది. పని లేకపోయినా మోటార్లు తిప్పారు. వేలం రోజున మామూలుగా ఎలా నడిపేవాళ్లో అలా నడిపారు. బోలెడంత ఆపినట్టు లెక్క తేలింది. వాళ్లకు శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి ఫొటో దిగారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా సారు దగ్గరకు పోయి వాళ్లదీ అత్తదీ రెండు మీటరు గీతలూ పక్కపక్కన పెట్టి చూపించాను.

"రూల్స్‌లో అది తప్పని ఎక్కడుంది?" అన్నాడు.

ఆపరేటర్ అన్న పంపిన అత్త గోడ ఫొటో చూపించాను.

"సుద్దగీతలు డేటా కాదమ్మా. ఒకరికి మారిస్తే అందరూ అడుగుతారు. నెక్స్ట్ కమిటీలో చూద్దాం."

ఊళ్లో ప్రెసిడెంటు "ఆడోళ్ల చేతికిస్తే ఇట్టానే ఉంటది" అన్నాడట, సంఘం మీటింగులో నలుగురి ముందు. నోటి మాటకు కట్టుబడి మెత్తబడిన చేపను ఇంటికి మోసుకొచ్చిన మనిషిని పట్టుకుని మాట తప్పిందని మేము అచ్చేశాం. ఆవిడకు తల కొట్టేసినట్టైంది.

నేను ఊరికి పోయి అసలు కారణం చెప్పాను. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక పోయాను. అత్త అంతా విని కడ్డీని ఒళ్లో అటూ ఇటూ తిప్పింది.

"అంటే, నేర్చుకోకుండా పొయ్యుంటే పాసయ్యేదాన్నా?"

"అవునత్తా."

"నీకు తెలుసా ఈ సంగతి?"

"తెలుసు."

"చెప్పొచ్చు గదా మే."

అంతే అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి నాకు కూడా గ్లాసులో వేణ్ణీళ్లు పోసిచ్చింది. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "దుడ్లు నాకొద్దు. ఆ మాటొకటి తీపించు" అంది.

అప్పటినుంచి ఎప్పుడు ఫోన్ చేసినా చివరి మాట అదే. "తీసేసినారా?" కమిటీలో ఉందత్తా. ఫైలు పైకి పోయిందత్తా. వచ్చే నెలత్తా. నేను రాసిన అర్జీలు నాకే తిరిగి వచ్చేవి, పైన ఇంకో సంతకం కావాలని. ఒక్క మాట. దాన్ని చెరపడానికి రబ్బరు ముక్క చాలు. అంత పెద్ద ఆఫీసులో ఆ ముక్క దొరకలేదు. ఈమధ్య ఫోన్లలో అత్త అడగడం మానేసింది. నేను ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గు లేకుండా ఊపిరి పీల్చుకున్నాను.

అత్త పోయిందని సెలవు అడిగితే మా సారు "సో సారీ" అన్నాడు. ఆ వెంటే, "ఆ బేస్‌లైన్ ఆవిడేనా? మంచి కేస్ స్టడీ అమ్మా అది. పేరు లేకుండా వాడుకుందాం" అన్నాడు. దానికి నేను ఏమన్నానో ఇక్కడ రాయలేను. అనవలసినంత అనలేదని మాత్రం ఇప్పటికీ ఉడుకుతోంది.

చుట్టాలు వచ్చేదాకా అత్తను ఫ్యాక్టరీ ముందరే ఐస్ బార్ల మధ్య పడుకోబెట్టారు. ఆపరేటర్ అన్న ఒక్కో బారునూ ఆవిడ కడ్డీతో తట్టి, చెవి పెట్టి విని, గుల్లవి పక్కకు తోసి, గట్టివి మాత్రమే తెచ్చి పేర్చాడు. ప్రెసిడెంటు పెద్ద దండతో వచ్చాడు. "మాట మీద నిలబడే మనిషి" అని మొదలుపెట్టాడు.

"మరి ఆ రోజు మీటింగులో ఏమన్నారు పెదనాయనా?" అన్నాను. అందరూ వినేటట్టే అన్నాను.

ఆయన దండ పెట్టేసి, తల వంచుకుని పోయాడు. నా కోపం చల్లారలేదు. ఆయనకన్నా ముందు విఫలమని రాసి ఇచ్చింది మేమే కదా.

మగవాళ్లు శ్మశానంలో కార్యం ముగించుకుని తిరిగి వచ్చేసరికి ఆరు కావస్తోంది. ఆపరేటర్ అన్న తడిబట్టలతోనే నేరుగా లోపలికి పోయాడు. మిషన్ ఆగిపోయింది. ఎప్పుడూ ఆ చప్పుడు కింద అణగి వినిపించని సముద్రం ఒక్కసారిగా గుమ్మంలోకి వచ్చినట్టైంది. ఎవరూ ఆపమనలేదు, ఏ మెసేజీ రాలేదు, ఏ వేలమూ లేదు. నా రూలు ప్రకారం ఆ రెండు గంటలు కూడా సగటులో సున్నాగా పడతాయి.

అన్న గోడ దగ్గరకు వెళ్లాడు. అత్త గీసిన పది గీతలు, వేలం రోజుది ఇంకొకటి, కొంచెం పొడుగ్గా. దాని పక్కన ఒక గీత గీసి, కింద ఆపిన టైము రాశాడు. వేసిన టైము రాయవలసిన చోటు వదిలేశాడు. బల్ల ఖాళీగా ఉంది. దాని మీద కూర్చోకుండా, పక్కన నేల మీద చతికిలబడి, చేతిలో సుద్దముక్క పట్టుకుని ఎనిమిది కోసం చూస్తున్నాడు.